పెంకు మీద పేరు

బ్రిక్‌ఫీల్డ్స్, కౌలాలంపూర్
9 మార్చి 1952, ఆదివారం

తమ్ముడు కాంతయ్యకు,

అక్క దీవెనలు. మరదలు పాపాయిని, పిల్లలిద్దరినీ అడిగానని చెప్పు.

ఒక గ్రీకునూ ఒక రోమన్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చే నా పుస్తకంలో మూడో జంట సగం అయింది. ఆ కాగితాలు ఈ కవరులోనే పెట్టాను. అలెగ్జాండర్, సీజర్ల జంట నీకు నచ్చలేదు. “ఇద్దరూ ఆశపోతులే, ఎవడు పెద్ద ఆశపోతో తేల్చడానికి నలభై పేజీలెందుకక్కా” అని రాశావు. నిజమే. అందుకని ఈసారి ఏథెన్స్ నుంచి దేశాలు గెలవని మనిషిని తీసుకున్నాను. పేరు అరిస్టైడీస్. ఊరంతా అతన్ని న్యాయవంతుడు అనేది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ఎవరివల్ల ఊరికి ముప్పని జనం అనుకుంటే, వాళ్ల పేరు కుండపెంకు మీద గీకి వేసేవారు. ఎక్కువ పెంకులు పడ్డవాడు పదేళ్లు ఊరు విడిచి పోవాలి. ఆ రోజు రాత రాని పల్లెటూరివాడొకడు, పక్కనున్నది ఎవరో తెలియక, అరిస్టైడీస్ చేతికే పెంకిచ్చి “అరిస్టైడీస్ అని రాయి” అన్నాడట. “ఆయన నీకేం అపకారం చేశాడు?” “ఏమీ చెయ్యలేదు. న్యాయవంతుడు, న్యాయవంతుడు అని వినీ వినీ విసుగెత్తింది.” అరిస్టైడీస్ మారు మాట్లాడకుండా తన పేరు రాసి పెంకు తిరిగి ఇచ్చేశాడు.

ఇది న్యాయమా, గర్వమా? నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను. ఇరవై ఏళ్ల కిందట మద్రాసులో మాకు చరిత్ర చెప్పిన ప్రొఫెసరు దగ్గర ప్రతిదానికీ సమాధానం ఉండేది. ఆయన దగ్గర చదివిన నాకు ఒక్కటీ లేదు. ఇతని పక్కన నిలబెట్టడానికి రోమన్ కూడా దొరకడం లేదు. కేటో అనుకున్నాను. నిజాయితీపరుడే, కానీ ముసలివాళ్లైన బానిసల్ని అమ్మేసేవాడట. వద్దనుకున్నాను.

మీ రబ్బరు తోట చుట్టూ ముళ్లతీగ వేశారని విన్నాను. బియ్యం సరిగా ఇస్తున్నారా? మీ బావ రైల్వే ఆఫీసు నుంచి వచ్చి, “ఈ పూట వంట నాకా, నీ గ్రీకులకా?” అంటున్నారు. ఉంటాను.

నీ అక్క,
రత్నావతి


సుంగై పారి తోట, తెలుక్ ఆన్సన్ దగ్గర
23 మార్చి 1952

అక్కకు నమస్కారాలు.

నువ్వు పంపిన భాగం పోయిన ఆదివారం భజన మందిరంలో చదివి వినిపించాను. రబ్బరు పాలు గీసేవాళ్లు ఏథెన్స్ కథ వింటారా అని నీకు అనుమానం. వింటారక్కా. పిల్లలు కూడా కదలలేదు. అమ్మతో ఒకే ఓడలో వచ్చిన దాలమ్మ గుర్తుందిగా? కథ అయ్యాక అందరూ ఆ పల్లెటూరివాణ్ని తిడుతుంటే ఆమె ఒప్పుకోలేదు. “ఆడి తప్పేటి? ఆడికి రాత రాదు. రాసినోడు మంచోడు. అడిగినోడు ఏటడిగినాడో అదే రాసినాడు” అంది.

ఇక్కడ రోజులు బాగాలేవు. అడవిలో దాగి సర్కారుతో పోరాడుతున్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని తోట గేటు దాటి గుప్పెడు మెతుకులు కూడా పోనివ్వరు. పనికి వెళ్లేవాళ్లు టీ సీసా ఒక్కటే పట్టుకుపోవాలి. గేటు దగ్గర నిలబడి మూటలు విప్పి చూడటం కిరాణీ గుమాస్తా ఉద్యోగంలో కొత్తగా చేరిన పని. అంటే నా పని. పోయిన నెల అడవిలో సిపాయిలకు మన కూలీల లైన్లలో వండిన అన్నం పొట్లాలు దొరికాయట. దాంతో బియ్యం సగానికి తగ్గించారు. ఎవరు బయటికి వదిలారో తెలిసేదాకా ఇంతేనన్నారు.

మొన్న గురువారం పోలీసులొచ్చి ఇంటికొక తెల్లకాగితం పంచారు. పేరు తెలిస్తే రాయాలి, లేకపోతే ఖాళీగానైనా మడిచి తాళం వేసిన పెట్టెలో వెయ్యాలి. రాసిందెవరో ఎవరికీ తెలియదు. నీ పెంకుల పండగే. ఒక్కటే తేడా, ఇక్కడ రాత వచ్చినవాళ్లు తక్కువ. చాలామంది నా దగ్గరికే వచ్చారు.

మన లైన్లలో ఉండే బంగారయ్య వెళ్తూ నీకు దండాలు చెప్పమన్నాడు. పినాంగ్‌లో ఓడెక్కి ఊరికి వెళ్లిపోయాడు. నెల్లాళ్లయింది. హాజరు పట్టీలోంచి అతని పేరు నేనే కొట్టేశాను.

ఒక ప్రశ్న. నీ పుస్తకానికి పనికొస్తుందేమో. అరిస్టైడీస్ ఆ పెంకు మీద తన పేరు కాకుండా, అప్పటికే సముద్రం దాటి వెళ్లిపోయిన ఇంకెవడి పేరో రాశాడనుకో. దానివల్ల ఎవరికైనా కీడుందా? ఆలోచించి రాయి. తొందరగా రాయి.

కాంతయ్య


బ్రిక్‌ఫీల్డ్స్
6 ఏప్రిల్ 1952

తమ్ముడు కాంతయ్యకు,

నీ ప్రశ్న చూసి ఎంత సంతోషించానో. బళ్లో నా విద్యార్థినులు ఇన్నేళ్లలో ఒక్కరూ ఇలాంటిది అడగలేదు. రెండు రోజులు దానిమీదే ఉన్నాను.

నా మటుకు నాకు తోచింది ఇది. వెళ్లిపోయినవాడికి కీడు లేదు. ఓడెక్కినవాడికి పెంకు తగలదు. కీడు జరిగితే రాయించుకున్నవాడికి జరుగుతుంది, అతని మాట పోయింది కనుక. అయినా అది చిన్న దొంగతనం. ఒక మంచివాణ్ని ఊళ్లో నిలుపుకోవడానికి ఆ మాత్రం చెయ్యొచ్చునేమో. ఈ సంగతి పుస్తకంలో చేరుస్తాను, నీ పేరు చెప్పే చేరుస్తాను.

రోమన్ కూడా దొరికాడు. రెగ్యులస్. కార్తేజ్‌వాళ్లకు యుద్ధఖైదీగా చిక్కాడు. సంధి మాట్లాడి రమ్మని, తిరిగి వస్తానని ఒట్టు వేయించుకుని వాళ్లు అతన్ని రోముకు పంపారు. వచ్చి, సంధి వద్దని తనవాళ్లకే చెప్పి, చిత్రవధ తప్పదని తెలిసీ తిరిగి వెళ్లాడు. నిజంగా జరిగిందో, రోమన్లు తరువాత అల్లుకున్నారో తెలియదు. అతన్ని ఆపబోయిన పెళ్లాం, బంధువుల గురించి మూడు వాక్యాలు రాశాను. “అవి చిన్న మనసులు. ప్రేమ అనే పేరుతో మనిషిని తన మాటకంటే తక్కువ ధరకు అమ్మజూస్తాయి” అని. బాగా వచ్చాయనిపించింది. చదివి చెప్పు.

పాపాయికి దగ్గు తగ్గిందా?

నీ అక్క,
రత్నావతి


సుంగై పారి తోట
4 మే 1952

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఓడెక్కినవాడికి పెంకు తగలదన్నావు.

బంగారయ్య ఓడెక్కలేదు. పినాంగ్‌లో ఒళ్లంతా అమ్మవారు పోస్తే ఓడలోకి రానివ్వకుండా దీవిమీద వేరే ఉంచారట. తగ్గి, తరువాతి ఓడకోసం కూర్చున్నాడు. ఇక్కడి పెట్టెలోని కాగితాల్లో అతని పేరుందట. పోలీసులు వెళ్లి పట్టుకున్నారు. విచారణ ఉండదు, రెండేళ్లు ఉంచుతారంటున్నారు.

మాకు మాత్రం బియ్యం మళ్లీ పూర్తిగా ఇస్తున్నారు. లైన్లలో అందరూ కడుపునిండా తింటున్నారు. నిన్న దాలమ్మ నా దగ్గరికొచ్చి, “ఆడి పేరు ఎవులు రాసినారో బాబూ, ఆల సెయ్యి పడిపోను” అంది. నా ముఖంలోకి చూసే అంది.

ఇక భాగాలు పంపకు. చదివే ఓపిక లేదు.

కాంతయ్య


బ్రిక్‌ఫీల్డ్స్
18 మే 1952

తమ్ముడు కాంతయ్యకు,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. నీకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ మూడు వాక్యాలు. తోట విడిచి మా దగ్గరికి వచ్చెయ్యమని పాపాయి నిన్ను ఏడాదిగా బతిమాలుతోంది కదా. “చిన్న మనసులు” అన్నది ఆమెకే తగిలి ఉంటుంది. నేను ఆమెను అనలేదు. రెండువేల ఏళ్ల కిందటి ఒక రోమన్ ఇల్లాలిని అన్నాను. పుస్తకాల్లో మనుషుల్ని అంటుంటే పక్కింటివాళ్లకు తగులుతుందన్న సంగతి నాకు ఎప్పుడూ ఆలస్యంగానే తడుతుంది. ఆమెకు నా మాటగా చెప్పు, క్షమించమను.

బంగారయ్య సంగతి విని ఆ రోజు అన్నం సయించలేదు. నా పెళ్లిలో డప్పు కొట్టినవాడు. ఎవరి జోలికీ పోనివాడు. ఒక మనిషి ఎదుట లేడు కదా అని అతని పేరు రాసిపారేసినవాడు, కాంతయ్యా, ఎలాంటివాడై ఉంటాడు? పగ ఉండి రాస్తే అదో రకం. పగ కూడా లేకుండా రాశాడు చూడు, వాడి ముఖం చూడాలని కూడా నాకు లేదు. ఇలాంటివాళ్లు మీ మధ్యనే తిరుగుతున్నారు, జాగ్రత్త.

ఒక ముక్కైనా రాయి.

నీ అక్క,
రత్నావతి


సుంగై పారి తోట
1 జూన్ 1952

అక్కా,

ఈ ఉత్తరం మన లారీ డ్రైవరు మణియం చేతికిస్తున్నాను. పోస్టులో విప్పి చూస్తారన్న భయంతో ఇన్నాళ్లూ అరిస్టైడీస్ ముసుగేసుకుని అడిగాను. నువ్వు ముసుగుకే జవాబిచ్చావు. తప్పు నీది కాదు.

వాడి ముఖం చూడాలని లేదన్నావు. నీకు తెలిసిన ముఖమే.

ఫిబ్రవరిలో ఒకరోజు ఎర్రమ్మ పనికి పోతూ కొంగులో అన్నం మూట దాచుకుంది. ప్రసవమై ఇరవై రోజులు. చూసి కూడా వదిలేశాను. ఆ మూట ఆమే తిన్నదో, అడవికి చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు. కాగితాలు పంచిన గురువారం మధ్యాహ్నం దాలమ్మ తూకం షెడ్డుకొచ్చి తన కాగితం నా ముందు పరిచింది.

“రాయండి బాబూ.”

“ఎవరి పేరు?”

“మీ పేరే.”

నవ్వాననుకుంటాను. ఆమె నవ్వలేదు.

“అన్నం బయటికి ఎవులొగ్గినారని గదా అడుగుతన్నారు? ఎర్రమ్మ మూట మీరే ఒగ్గినారు. నాను ఎనకాలే ఉన్నాను. సూసినాను.”

“పచ్చి బాలింత దాలమ్మా! పస్తు పెట్టమంటావా?”

“నానేటి తప్పన్నానా? మంచి పనే సేసినారు. మంచి పనైతే మాత్రం సెయ్యనేదని సెప్పాలా? సంటిపిల్లలు గంజి తాగి పడుకుంటన్నారు. నిజం సెప్తే బియ్యం ఇత్తానన్నాడు దొర. మీ మీద నాకు కోపం నేదు బాబూ. ఇంకెవులికాడికైనా ఎల్దునా అంటే, రాతొచ్చినోలు మీరొక్కరే.”

“నా పేరు నన్నే రాయమంటావా?”

“మొన్న మీరు సదివిన కతలో ఆ బాబు రాసినాడు గదా!”

అక్కా, ఆమె నన్ను ఇరికించడానికి రాలేదు. ఆ కథ విని, రాత వచ్చినవాళ్లు అలాగే చేస్తారని నమ్మి వచ్చింది. నేను కలం తీసుకున్నాను. పాపాయి గుర్తొచ్చింది, పిల్లలు గుర్తొచ్చారు. ఖాళీగా మడిచి ఇద్దామంటే బియ్యం రాదు. ఓడెక్కి వెళ్లిపోయినవాడికి ఏమవుతుందిలే అనుకుని బంగారయ్య పేరు రాశాను. మడిచి ఇస్తే కళ్లకద్దుకుని తీసుకుపోయి పెట్టెలో వేసింది.

అప్పట్నుంచీ ఆమె నన్ను చూసే చూపు మారింది. తన పేరు తానే రాసుకున్న మనిషిని చూస్తున్నట్టు చూస్తుంది. దొర నా మంచితనం చూసి వదిలేశాడనుకుంటోంది. ఆ చూపు నేను భరించలేను.

పోలీసు ఆఫీసరు దగ్గరికి వెళ్లి చెప్పేస్తే బంగారయ్యను వదులుతారు. నన్ను పట్టుకుంటారు. నేను ఈ గడ్డమీద పుట్టలేదు, రెండేళ్లప్పుడు నాన్న భుజం మీద ఓడ దిగాను. కాబట్టి ఆఖరికి ఇండియా పంపేస్తారు. పాపాయికి ఇంకా చెప్పలేదు. నువ్వు ఒక్క మాట రాయి. ఇన్ని జీవితాలు తూచావు. మణియం మంగళవారం తిరిగొస్తాడు.

కాంతయ్య


బ్రిక్‌ఫీల్డ్స్
3 జూన్ 1952

తమ్ముడూ,

వెళ్లకు.

మణియం వాకిట్లో నిలబడి ఉన్నాడు, ఆలోచించే తీరిక లేదు. వెళ్లకు. ఏథెన్స్‌లో పదేళ్లు పొమ్మన్నా ఇల్లూ పొలమూ అలాగే ఉంచేవారు. ఇక్కడ అలా కాదు. నీ ఉద్యోగం పోతుంది, క్వార్టర్సు పోతాయి, చూడని దేశంలో ఇద్దరు పిల్లలతో దిగుతావు. బంగారయ్యకు వెనకా ముందూ ఎవరూ లేరు. రెండేళ్లకు ఎలాగూ ఇండియాకే పంపుతారు. ఆయన వెళ్లాలనుకున్నదీ అక్కడికే కదా.

ఈ చివరి వాక్యం రాసి కలం కింద పెట్టాను. మళ్లీ తీశాను. కొట్టెయ్యలేదు.

దాలమ్మకు ఎప్పటికీ తెలియదు. నాకు నీ ముఖం చూడాలని ఉంది.

అక్క


సుంగై పారి తోట
8 జూన్ 1952

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం పాపాయికి ఇచ్చాను. చదివి, మొత్తం నా నోటితో చెప్పించుకుంది. ఏడ్చింది. తరువాత, “వొదిన మనకోసం ఎంత ఇబ్బంది పడి రాసిందో” అంది. నీమీద ఆమెకు ఏ కోపమూ లేదు, ఎప్పుడూ లేదు.

ఇవాళ పొద్దున దాలమ్మ ఇంటికెళ్లి గుమ్మంలోనే చెప్పేశాను. ఆమె బియ్యం చెరగడం ఆపింది. చేతిలో ఉన్న చేట దించింది.

“నాకు సదువు రాదని నా సేతే ఆడి పీక కోయించినారు గదా బాబూ” అంది.

ఆమె చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. లోపలికెళ్లి పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపుకొచ్చింది.

“ఇందల రాయండి. అచ్చరం అచ్చరం పైకి సెప్తా రాయండి.”

“కా” అన్నాను, రాశాను. తన వేలితో దాన్ని తడిమింది. తరువాతి అక్షరం చెప్పాను. అలా మొత్తం పేరు రాయించింది. మడిచి రొంటిన దోపుకుని, “రేపు నానూ వొత్తాను. నా కాయితం నానే ఇత్తాను” అంది.

రేపు పది గంటలకు వెళ్తున్నాం. నువ్వు వద్దన్నావు కనుకే, అక్కా, ఇది పుస్తకంలో పని కాదని నాకు తెలిసింది. బాధపడకు.

నీ తమ్ముడు,
కాంతయ్య


బ్రిక్‌ఫీల్డ్స్, కౌలాలంపూర్
8 సెప్టెంబరు 1957, ఆదివారం

తమ్ముడు కాంతయ్యకు, శ్రీకాకుళం జిల్లాకు,

అక్క దీవెనలు. నువ్వు నిర్బంధ శిబిరంలో ఉన్న రెండేళ్లూ, ఓడెక్కిన తరువాత ఈ మూడేళ్లూ నీకు యోగక్షేమాలే రాశాను. వాన పడింది, ధరలు పెరిగాయి, మీ బావకు కీళ్ల నొప్పి. అసలు రాయవలసింది రాయలేదు. విశాఖ రేవులో మీ నలుగురికీ ఎదురొచ్చి సామాను నెత్తికెత్తుకున్నది బంగారయ్యేనని నువ్వు రాసినప్పుడు కూడా, సంతోషం అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను.

ఆగస్టు 31, శనివారం నాడు మెర్డేకా వచ్చింది, ఈ దేశానికి స్వాతంత్ర్యం. పొద్దున్నే స్టేడియంకు వెళ్లాం. కొత్త జెండా ఎక్కుతుంటే పక్కనున్న వాళ్లంతా కేకలు పెట్టారు, నేనూ పెట్టాను. పెడుతూనే, ఈ జనంలో ఉండవలసినవాడు ఒకడు లేడని తల తిప్పి చూశాను. ఎక్కడని చూశానో నాకే తెలియదు.

దాలమ్మ వేడుక చూడ్డానికి వచ్చి మా ఇంట్లోనే నాలుగు రోజులుంది. ఈ దేశ పౌరురాలిగా చేరడానికి ఫారం తెచ్చుకుంది. రాసిపెట్టమని నాకే ఇచ్చింది. రాశాను. “పైకి సదువమ్మా” అంది. చదివాను. “మల్లీ సదువు.” చదివాను. అప్పుడు ఫారం తీసుకుని పక్కింటి రాసమ్మ దగ్గరికి వెళ్లి ఆమెచేత కూడా చదివించుకుని వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నా తల నిమిరి, “నీ మీద అనుమానం కాదు తల్లీ, రాత మీద” అంది.

ఆ రోజే పుస్తకం తీశాను. రెగ్యులస్ పెళ్లాం మీద రాసిన మూడు వాక్యాలు కొట్టేశాను. వాటిని రాసినదాన్నీ నేనే, అదే ఏడాది నిన్ను ఆపబోయి ఆ ఇల్లాలిగా మారినదాన్నీ నేనే. నా ఉత్తరం అందుకుని కూడా నువ్వు వెళ్లావు. వెళ్లకుండా ఉంటే ఈ పాటికి నేను సుఖంగా ఉండేదాన్ని, ఏ పుస్తకమూ పూర్తిచేయలేకపోయేదాన్ని. ఇది కూడా నిజమో, ఇప్పుడు నాకు అనుకూలంగా అల్లుకుంటున్నానో చెప్పలేను.

పోలిక రాయాలని కూర్చున్నాను. అరిస్టైడీస్ తన పేరు అడిగిన క్షణంలో రాశాడు. నీకు ఎనభై ఒక్క రోజులు పట్టింది, లెక్కపెట్టాను. అతను ఎవరికీ కీడు చేసి ఉండలేదు, నువ్వు చేశావు. అతన్ని ఊరు మూడేళ్లు కాకుండానే వెనక్కి పిలిచింది. నిన్ను ఎవరూ పిలవలేదు. ఏది బరువో ఎంత తూచినా తేలడం లేదు. అతని పక్కన రెగ్యులస్‌ను తీసేశాను. ఆ సగం ఖాళీగా ఉంది.

అక్కడ నీ పేరు రాయనా? నువ్వు సరేనంటేనే. నీ మాట లేకుండా రాయను.

నీ అక్క,
రత్నావతి


టెక్కలి దగ్గర
2 అక్టోబరు 1957

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. బంగారయ్య పక్క వీధిలోనే ఉంటాడు. ఊరి బళ్లో పిల్లలకు చదువు చెబుతున్నాను. సాయంత్రాలు బంగారయ్య కూడా వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటాడు. నాకు కనబడేలా పలక ఎత్తి పట్టుకుని తన పేరు రాస్తాడు. తప్పు దిద్దడానికి ఒక్కోసారి నా చెయ్యి రాదు.

నా పేరు వద్దక్కా. నేను చేసింది అప్పు తీర్చడం, అంతే. కోపం లేకుండా, భయం లేకుండా, మనిషి ఎదురుగా వచ్చి అతని గురించి నిజం చెప్పింది ఒక్కరే. ఆ పని నీ గ్రీకూ చెయ్యలేదు, నీ రోమనూ చెయ్యలేదు. ఆ సగంలో దాలమ్మ పేరు రాయి.

రాశాక ఆమెకు చదివి వినిపించు. రెండుసార్లు. తరువాత రాసమ్మచేత కూడా చదివించు.

నీ తమ్ముడు,
కాంతయ్య